ఎరువు సొమ్ము సామ్రాజ్యం

స్టాక్‌హోం నడిబొడ్డున 'రాజుగారి తోట' అనే పార్కు ఉంది. అందులో పన్నెండో చార్ల్స్ విగ్రహం. కుడిచేతిలో కత్తి, ఎడమచెయ్యి తూర్పుకు చాచి రష్యా దిక్కు చూపిస్తూ ఉంటుంది. చుట్టూ నాలుగు మోర్టార్ ఫిరంగులు కాపలా. నార్వేలో ఒక కోట ముట్టడిలో తలకు గుండు తగిలి ఆ రాజు చనిపోయింది 1718 నవంబరు 30న. సరిగ్గా నూటయాభై ఏళ్ల తర్వాత అదే రోజున ఈ విగ్రహాన్ని ఆవిష్కరించారు. అప్పటికి ఫిన్లాండ్ కూడా రష్యా పాలై అరవై ఏళ్లు కావస్తోంది. రాజ్యం చేజారింది కానీ వేలు మాత్రం ఇప్పటికీ అటే చూపిస్తోంది.

ఆ వేలు చూపే దిక్కున ఒక పెద్ద 'అయివుంటే' ఉంది. 1709 వేసవిలో ఉక్రెయిన్‌లోని పోల్తావా దగ్గర రాజు కాలికి గుండు తగలకపోయి ఉంటే, డోలీలో పడుకోకుండా గుర్రమెక్కి తానే సేనను నడిపి ఉంటే, రష్యా జారు పీటర్ ఓడిపోయేవాడట. సెయింట్ పీటర్స్‌బర్గ్ మళ్లీ చిత్తడి నేల అయ్యేదట. బాల్టిక్ సముద్రం స్వీడన్ పెరటి చెరువుగా మిగిలి, మంచుదేశపు చిన్న రాజ్యం ఫ్రాన్స్, ఇంగ్లండ్‌ల సరసన పీట వేసుకుని కూర్చునేదట.

ఈ మాట అనేది ఏ ఒక్కరో కాదు. పోల్తావా యుద్ధం జరిగిన ఇరవై రెండేళ్లకే, 1731లో, వోల్టేర్ పన్నెండో చార్ల్స్ చరిత్ర రాసి ఆ రాజును కథానాయకుణ్ణి చేశాడు. 1851లో ఎడ్వర్డ్ క్రీసీ అనే ఇంగ్లిషు పండితుడు ప్రపంచ గతిని మార్చిన పదిహేను యుద్ధాల జాబితా వేసి పోల్తావాకు అందులో చోటిచ్చాడు. ఈ కాలంలో కంప్యూటర్ ఆటల్లో కుర్రాళ్లు స్వీడన్‌ను ఎంచుకుని ఒక రాత్రిలో మాస్కో పట్టేస్తున్నారు. ఆ రాజు పేరిట మెటల్ సంగీతం ఆల్బములొచ్చాయి. తళ్లికోట గెలిచి ఉంటే అని మనలో వాదులాడేవాళ్లు ఉన్నట్టే, పోల్తావా గెలిచి ఉంటే అనేవాళ్లు యూరప్ అంతటా ఉన్నారు. వాళ్ల లెక్కలో స్వీడన్ గొప్పరాజ్యం కావడం సహజం, పడిపోవడం ఒక ప్రమాదం.

అత్తకు మీసాలుంటే మామ అయ్యేది అని ఒక్క సామెతతో దీన్ని కొట్టిపారేయొచ్చు. నేను అలా చేయను. 'అయివుంటే' అని ఊహించడం తప్పేమీ కాదు, చరిత్రలో ఏ కారణానికి ఎంత బలముందో తూచడానికి అది పనికొచ్చే తక్కెడే. నా అభ్యంతరం తూకం మీద. ఈ వాదన ఒక పళ్లెంలో యుద్ధాన్ని పెట్టి, రెండో పళ్లెంలో ఏమీ పెట్టడం లేదు. అక్కడ పెట్టాల్సినవి మూడున్నాయి: పొరుగువాళ్ల స్థితి, డబ్బు, మనుషులు. వాటిని పెట్టి చూస్తే ప్రమాదం ఏదో, సహజం ఏదో తారుమారవుతుంది. స్వీడన్ పడిపోవడం వింత కాదు. వందేళ్లు నిలబడటమే వింత. మనం ఊహించుకోవాలని తాపత్రయపడుతున్న కల్పిత చరిత్ర నిజంగానే ఒకసారి జరిగిపోయింది. ఎంత ఖరీదుకు జరిగిందన్నదే అసలు ప్రశ్న.

పొరుగిళ్లు కాలుతున్నప్పుడు

1611లో గుస్తావ్ అడాల్ఫ్ గద్దెనెక్కేనాటికి అతనికి నిండా పదిహేడేళ్లు లేవు. డెన్మార్క్‌తో యుద్ధం నడుస్తోంది, ఓడిపోతున్నారు. పశ్చిమ సముద్రం వైపు స్వీడన్‌కు ఉన్న ఒకే ఒక్క వాకిలి ఎల్వ్స్‌బోర్గ్ కోట శత్రువు చేతికి చిక్కింది. 1613 సంధిలో దాన్ని విడిపించుకోవడానికి పది లక్షల రిక్స్‌డాలర్ల వెండి కడతామని ఒప్పుకున్నారు. రైతు నుంచి దొర దాకా అందరి మీదా పన్ను వేశారు, రాజుగారి వెండి పళ్లాలు కూడా కరిగించారు. ఆఖరి వాయిదా తీరేసరికి 1619 అయింది. సొంత గుమ్మాన్ని తాకట్టు విడిపించుకోవడానికి ఆరేళ్లు పట్టిన రాజ్యమిది. మరో పుష్కరం తిరిగేసరికి జర్మనీ నడిమధ్య చక్రవర్తి సేనలను చిత్తు చేసింది.

ఎలా? గుస్తావ్ అడాల్ఫ్ గొప్ప సేనాని, అతని మంత్రి ఒక్సెన్‌షెర్నా అంతకంటే గొప్ప పాలకుడు. కాదనను. కానీ చుట్టూ చూడండి. రష్యాలో 1598లో పాత రాజవంశం అంతరించి పదిహేనేళ్లు దొంగ రాజకుమారులు, కరవు, అంతర్యుద్ధం. రష్యన్లు దాన్ని కల్లోల కాలం అంటారు. ఆ సందులో దూరి 1617లో స్టోల్బోవో సంధితో స్వీడన్ రష్యాకు బాల్టిక్ తీరమే లేకుండా చేసింది. జర్మనీ 1618 నుంచి ముప్ఫై ఏళ్లు తనను తానే తగలబెట్టుకుంది. పోలండ్‌లో 1648లో కొసాక్కులు తిరగబడ్డారు, 1654లో రష్యా దండెత్తింది. ఇల్లు ఇలా రెండు వైపులా అంటుకున్నాక 1655లో స్వీడన్ వచ్చి పడింది. పోలిష్ జనం ఆ రోజుల్ని నేటికీ 'వరద' అంటారు.

ఇక డెన్మార్క్. 1658 చలికాలం సముద్రపు పాయలు గడ్డకట్టేంత చలి. స్వీడన్ రాజు పదో చార్ల్స్ తన సైన్యాన్ని, గుర్రాల్ని, ఫిరంగుల్ని ఆ మంచు మీద నడిపించి ఒక దీవి నుంచి మరో దీవికి దాటి కోపెన్‌హాగెన్ ముంగిట్లో తేలాడు. కొన్ని చోట్ల మంచు విరిగి బళ్లూ మనుషులూ మునిగిపోయారు, మిగిలినవాళ్లు నడుస్తూనే ఉన్నారు. స్కానియా మొదలుకొని నేటి స్వీడన్ దక్షిణ భాగమంతా ఆ నడకతో వచ్చిందే. మరుసటేడు అదే రాజు అదే నగరం గోడలు ఎక్కబోయి దెబ్బతిన్నాడు. ఈసారి సముద్రం గట్టిపడలేదు, డచ్చివాళ్ల ఓడలు వచ్చి నగరానికి తిండీ మనుషుల్నీ అందించాయి.

ఊరంతా జబ్బుపడి మంచాన ఉన్నప్పుడు లేచి తిరిగే ఒక్కడూ పహిల్వానుగానే కనిపిస్తాడు. మిగతావాళ్లు లేచి కూర్చున్నాక అసలు కొలతలు తెలుస్తాయి. గుస్తావ్ అడాల్ఫ్ కాలంలో ఫిన్లాండ్‌ను కలుపుకున్నా స్వీడన్ జనాభా పన్నెండున్నర లక్షల చుట్టూనే. ఫ్రాన్స్‌లో దాదాపు రెండు కోట్లు. రష్యా కుదుటపడ్డాక ఒక కోటి దాటింది. ఈ అంకెల్ని ఏ సేనానీ ఒక్క మధ్యాహ్నంలో మార్చలేడు.

ఇరవై కిలోల నాణెం

ఎరువు సొమ్ము బరువు చేటు అని మనకో సామెత. అరువు తెచ్చుకున్న నగ మెడకు బరువు, పోతే కొంపకు చేటు. స్వీడన్ గొప్పతనానికి ఇంతకంటే పొందికైన మాట నాకు దొరకలేదు.

1630లో గుస్తావ్ అడాల్ఫ్ జర్మనీ తీరాన దిగింది సుమారు పదమూడు వేల మందితో. రెండేళ్లు తిరిగేసరికి అతని జెండా కింద లక్షకు పైగా సైన్యం. అందులో స్వీడన్, ఫిన్లాండ్ మట్టిలో పుట్టినవాళ్లు ఐదో వంతు కూడా లేరు. మిగతావాళ్లంతా జీతం కోసం వచ్చిన జర్మన్లు, స్కాట్లండువాళ్లు, మరొకరు. జీతం ఎక్కణ్ణుంచి వచ్చింది? 1631 జనవరిలో బేర్వాల్డె ఒప్పందం ప్రకారం ఫ్రాన్స్ ఏటా నాలుగు లక్షల రిక్స్‌డాలర్లు ఇస్తానంది. పోలండ్ దగ్గర లాక్కున్న ప్రష్యా రేవుల్లో సుంకాలు వసూలయ్యాయి. మిగిలింది జర్మన్ ఊళ్ల మీద వేసిన దండుగ. 1648లో యుద్ధం ముగిశాక సైన్యాన్ని ఇంటికి పంపడానికి కూడా సొంత డబ్బు లేదు. సంధి పత్రంలోనే యాభై లక్షల రిక్స్‌డాలర్లు జర్మన్ల నుంచి రాయించుకోవాల్సి వచ్చింది.

స్వీడన్ సొంత ఖజానా ఎలా ఉండేదో చూడాలంటే ఒక నాణేన్ని చూడండి. 1644లో క్రిస్టినా రాణి పేరిట అచ్చేసిన పది డాలర్ల రాగి పలక అది. గుండ్రంగా ఉండదు. గుమ్మానికి వేసే చిన్న తలుపు రెక్కలా పొడవాటి రాగిరేకు, నాలుగు మూలలా నాలుగు ముద్రలు, నడిమధ్య ఒకటి. బరువు సుమారు ఇరవై కిలోలు. జేబులో వేసుకునేది కాదు, భుజాన వేసుకుని మోసుకుపోవాల్సిందే. దేశంలో వెండి లేదు, ఫాలూన్ గనిలో రాగి మాత్రం ఉంది. ఆ రోజుల్లో యూరప్ వాడే రాగిలో సింహభాగం ఆ ఒక్క గనిదే. అందుకని వెండి విలువకు సరిపడా రాగిని కొలిచి, అదే డబ్బు అన్నారు. ఈ బరువు మోయలేకే 1661లో స్టాక్‌హోంలో యూరప్ మొట్టమొదటి బ్యాంకు నోట్లు పుట్టాయి. పట్టుమని నాలుగేళ్లు తిరక్కముందే నోట్లు ఎక్కువై, రాగి తక్కువై ఆ బ్యాంకు దివాలా తీసింది. 1687లో ఫాలూన్ గనే లోపలికి కూలిపోయి ఇవాళ పర్యాటకులు తొంగిచూసే పెద్ద గొయ్యిగా మిగిలింది. గొప్పరాజ్యం నిలబడ్డ సొంత స్తంభం ఇదొక్కటే.

అరువు ఇచ్చినవాడు ఊరుకుంటాడా? 1670ల్లో ఫ్రాన్స్ సొమ్ము పుచ్చుకున్న పాపానికి స్వీడన్ తనకు అక్కర్లేని యుద్ధంలో దిగింది. 1675లో ఫెర్‌బెల్లిన్ దగ్గర బ్రాండెన్‌బర్గ్ అనే మరో చిన్న రాజ్యం దాన్ని ఓడించింది. జర్మనీలో ఉన్న భూములన్నీ ఒక్కొక్కటే ఊడిపోయాయి. పదకొండో చార్ల్స్ లుండ్ దగ్గర డేన్లను గెలిచి స్కానియాను నిలబెట్టుకున్న మాట నిజం. కానీ జర్మన్ భూములు తిరిగొచ్చింది కత్తితో కాదు. 1679లో పద్నాలుగో లూయీ బ్రాండెన్‌బర్గ్ మెడలు వంచి వాటిని ఇప్పించాడు. స్వీడన్ రాజును అడగనైనా అడగకుండా సంధి కుదిర్చాడు. అంటే పోల్తావాకు ముప్ఫై ఏళ్ల ముందే స్వీడన్ ఒకసారి ఓడిపోయింది, ఇంకొకరి దయతో మళ్లీ నిలబడింది. పోల్తావాయే మలుపు అనేవాళ్లు ఈ నాలుగేళ్లను ఎందుకో దాటేస్తారు.

ఒక ఊరి లెక్క

డబ్బు అరువు దొరుకుతుంది. మనుషులు దొరకరు.

ఉత్తర స్వీడన్‌లో బిగ్దెయో అని ఒక చర్చి పరగణా ఉంది. బార్లీ పొలాలు, అడవి, చేపలు, పొడుగాటి చలికాలం. యాన్ లిండెగ్రెన్ అనే స్వీడిష్ చరిత్రకారుడు ఆ ఊరి పాత జాబితాలను తిరగేసి లెక్క తీశాడు. 1621 నుంచి 1639 వరకు ఆ పరగణా నుంచి పోలండ్, జర్మనీ యుద్ధాలకు పట్టుకెళ్లింది 230 మందిని. వాళ్లలో 215 మంది అక్కడే చనిపోయారు. మరో ఐదుగురు కాలో చెయ్యో పోగొట్టుకుని ఇల్లు చేరారు. 1621లో ఆ ఊళ్లో పెద్దవాళ్లయిన మగవాళ్లు 468 మంది. 1639 నాటికి 288. ఆ ఏడు సైన్యం జాబితాకెక్కిన వాళ్లలో సగం మంది పదిహేనేళ్ల పిల్లలు. ఇద్దరు తప్ప అందరూ పద్దెనిమిది నిండనివాళ్లే.

ఈ అంకెల్ని ఒకసారి ఆగి చదవండి. జర్మనీలోని బ్రెయిటెన్‌ఫెల్డ్‌లో గుస్తావ్ అడాల్ఫ్ అద్భుత విజయం సాధించింది ఈ పద్దెనిమిదేళ్లలోనే. చరిత్ర పుస్తకాల్లో స్వీడన్ కీర్తి పతాక రెపరెపలాడిన కాలం ఇదే. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది కత్తివేటుకో తుపాకి గుండుకో పోలేదు, శిబిరాల్లో జ్వరాలతో, విరేచనాలతో పోయారు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంట్లో ఏడ్చాడని సామెత. బిగ్దెయో గెలిచినవాడి ఇల్లు.

పదకొండో చార్ల్స్‌కు ఇది తెలుసు. అందుకే 1680ల్లో ఆయన పద్ధతి మార్చాడు. కొన్ని పొలాల రైతుల్ని ఒక జట్టుగా కట్టి, జట్టుకొక సిపాయిని పోషించమన్నాడు. సిపాయికి చిన్న గుడిసె, కాస్త చెక్క భూమి ఇస్తారు. శాంతికాలంలో అతను దున్నుకుంటాడు, పిలుపొస్తే తుపాకి తీసుకుని పోతాడు. పిలవడానికి వీలుగా సిపాయిలకు పొట్టి పేర్లు పెట్టేవారు: చురుకైనవాడు అనే అర్థంలో రాస్క్, ధైర్యశాలి అనే అర్థంలో మూడిగ్, బాకు అనే అర్థంలో దోల్క్. చాలాచోట్ల ఆ పేరు మనిషిది కాదు, గుడిసెది. ఒక మూడిగ్ చనిపోతే జట్టు ఇంకొకణ్ణి వెతికి తెచ్చేది, అతనూ మూడిగే. పాత మూడిగ్ భార్య పిల్లలతో గుడిసె ఖాళీ చేయాలి, లేదా కొత్త మూడిగ్‌ను పెళ్లాడాలి.

ఇంత చక్కటి సైనిక వ్యవస్థ అప్పటి యూరప్‌లో మరొకటి లేదని పొగుడుతారు. పొగడ్త సబబే, అయితే అది దేనికి పనికొచ్చే ఏర్పాటో చూడాలి. కాపలాకు చవక, దండయాత్రకు ప్రాణాంతకం. ఒక జట్టు ఒక సిపాయిని ఇవ్వగలదు. వాడు పోతే ఇంకొకణ్ణి ఇవ్వగలదు. మూడోవాణ్ణి ఇచ్చేసరికి పొలం దున్నే చెయ్యి ఉండదు. పన్నెండో చార్ల్స్ యుద్ధం ఎడతెగకపోయేసరికి మూడు జట్లు కలిసి అదనంగా ఒకణ్ణి ఇవ్వాలన్నారు, తర్వాత నాలుగు జట్లు కలిసి మరొకణ్ణి అన్నారు. దానికి తోడు, ఈ యుద్ధం మొదలయ్యే ముందే, 1695 నుంచి 1697 దాకా భయంకరమైన కరవు. పైన్ చెట్ల బెరడు దంచి రొట్టెల్లో కలుపుకు తిన్నా ఫిన్లాండ్ జనంలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా రాలిపోయారు. రష్యా కోటి మందితో కాచుకుని ఉంది. స్వీడన్ అలాంటి ఇంటి నుంచి పద్దెనిమిదేళ్ల రాజును యుద్ధానికి పంపింది.

గెలిచి ఉంటే ఏమయ్యేది?

ఇప్పుడు పోల్తావాకు వద్దాం. ఎదుటివాళ్ల వాదనకు కావలసినంత చోటిద్దాం. 1700లో నార్వా దగ్గర మంచుతుపాను రష్యన్ల ముఖాన కొడుతుండగా పదివేల లోపు సైన్యంతో మూడింతల బలగాన్ని చార్ల్స్ చెదరగొట్టాడు. అలాంటివాడు పోల్తావాలో మాత్రం ఎందుకు గెలవలేడు? గెలవగలడే అనుకుందాం.

అయితే పోల్తావాకు వచ్చిన సైన్యం నార్వా సైన్యం కాదు. 1708 శరత్తులో తిండీ మందుగుండూ మోసుకొస్తున్న బళ్ల వరుసను లెస్నాయా దగ్గర రష్యన్లు దోచేశారు. పన్నెండు వేల పైచిలుకు మందితో బయలుదేరిన ఆ దండులో సగం రాజును చేరింది, బళ్లు చేరలేదు. తర్వాత వచ్చిన చలికాలం యూరప్ ఎరిగిన చలికాలాల్లో అతి ఘోరమైనది. కాళ్లు వేళ్లు పుచ్చిపోయి చచ్చినవాళ్లు చావగా మిగిలింది పాతికవేల లోపు. యుద్ధం రోజున స్వీడన్ మైదానంలోకి తెచ్చిన ఫిరంగులు నాలుగు. రాజు కాలికి గుండు తగిలింది అంతకు పది పన్నెండు రోజుల ముందు, సరిగ్గా ఇరవై ఏడో పుట్టినరోజున. కాలు బాగున్నా ఫిరంగులు నలభై అయ్యేవి కావు.

అయినా గెలిచాడనే అనుకుందాం. తర్వాత? దీనికి ఊహతో పని లేదు, చార్ల్స్ గెలిచిన దేశం ఒకటి మన కళ్లెదుటే ఉంది. నార్వా తర్వాత అతను పోలండ్ మీద పడ్డాడు. వార్సా పట్టుకున్నాడు, క్రాకో పట్టుకున్నాడు, 1702లో క్లిషోవ్ దగ్గర ఘనవిజయం సాధించాడు, 1704లో అక్కడి రాజును దింపి స్తానిస్వావ్ లెష్చిన్‌స్కీని గద్దె మీద కూర్చోబెట్టాడు. ఇన్ని విజయాలకు ఐదారేళ్లు పట్టాయి. ఆ ఐదేళ్లలో పీటర్ నీవా నది ముఖాన కొత్త రాజధానికి పునాది తవ్వుకున్నాడు. స్వీడన్ సైన్యం తూర్పుకు కదిలి దెబ్బతిన్న మరుక్షణం పాత రాజు తిరిగొచ్చాడు, కొత్త రాజు పారిపోయాడు. పోలండ్‌లో యుద్ధాలన్నీ గెలిచి కూడా గద్దెను నిలబెట్టలేనివాడు, పోల్తావాలో ఒక యుద్ధం గెలిచి రష్యాను ఎలా నిలబెట్టుకుంటాడు?

మాస్కో దాకా వెళ్తే చాలనేవాళ్లకు మరో జ్ఞాపకం. స్వీడన్ సేనలు మాస్కోలో ఒకసారి అడుగు పెట్టనే పెట్టాయి. 1610లో, రష్యా కల్లోలంలో ఉన్నప్పుడు, అక్కడి జారుకు సాయంగా యాకోబ్ దె లా గార్డీ సేన నగరంలో దిగింది. మరుసటేడు స్వీడన్ నొవ్‌గొరోద్‌నే ఆక్రమించి ఆరేళ్లు పట్టుకుంది. పోలిష్ సైన్యం ఏకంగా క్రెమ్లిన్‌లో రెండేళ్లు కూర్చుంది. చివరికి అందరూ లేచి వెళ్లిపోవాల్సి వచ్చింది. రష్యా అంతకంటే బలహీనంగా ఎప్పుడూ లేదు. అప్పుడు నిలవనిది, పీటర్ కొత్త సైన్యం కట్టాక నిలుస్తుందా? రెండు శతాబ్దాల తర్వాత మాస్కో చేరిన నెపోలియన్ చేతిలో లక్షల సైన్యం ఉంది. అతని గతేమిటో చెప్పక్కర్లేదు.

మూడు అభ్యంతరాలు

గట్టి వాదన ఇంకొకటి ఉంది. అసలు తూర్పుకు పోకుండా, పీటర్ అడిగినప్పుడే సంధి చేసుకుని ఉంటే? నీవా ముఖద్వారం దగ్గర కాస్త చోటు ఉంచుకోనిస్తే మిగతాది తిరిగిస్తానని పీటర్ కబురు పెట్టిన మాట నిజమే. చార్ల్స్ ఒప్పుకోకపోవడం మొండితనం, అందులో నాకు సందేహం లేదు. ఒప్పుకుని ఉంటే మరో పదేళ్లో ఇరవై ఏళ్లో గడిచేవేమో. అంతకంటే ఎందుకు గడవదంటే, ఆ యుద్ధం పీటర్ ఒక్కడిది కాదు. డెన్మార్క్‌కు స్కానియా పోయింది, పోలండ్‌కు బాల్టిక్ తీరంలోని లివోనియా పోయింది, బ్రాండెన్‌బర్గ్‌కు పొమెరేనియా మీద కన్నుంది, హానోవర్ బ్రేమెన్ కోసం కాచుకుని ఉంది. నలుగురి పొలాల్లోకీ గట్టు జరిపినవాడు ఆ నలుగురితోనూ ఒకేసారి సఖ్యంగా ఉండలేడు.

పైగా ఆ కూటమిని అల్లినవాళ్లలో ముఖ్యుడు బయటివాడు కూడా కాదు, స్వీడన్ రాజు ప్రజే. లివోనియా దొర యోహాన్ పాట్కుల్. ఖజానా నింపడానికి పదకొండో చార్ల్స్ దొరల చేతిలోని భూముల్ని వెనక్కి లాక్కున్నాడు. ఎదురు మాట్లాడిన పాట్కుల్‌కు 1694లో మరణశిక్ష పడింది. అతను తప్పించుకుని పారిపోయి స్వీడన్ శత్రువుల్ని ఒక్కటి చేశాడు. ముడి ఎక్కడుందో చూడండి. భూములు లాక్కోకపోతే సైన్యానికి డబ్బు లేదు, లాక్కుంటే సరిహద్దు దొరలు శత్రువులవుతారు. ఈ ముడిని విప్పే సంధి ఏదీ లేదు.

రెండో అభ్యంతరం ప్రష్యా. ఇరవై పాతిక లక్షల జనంతో అదీ చిన్న ఉత్తరాది రాజ్యమే కదా, గొప్పరాజ్యం కాలేదా? అయింది. 1762 జనవరిలో రష్యా రాణి ఎలిజబెత్ చనిపోయి, గద్దెనెక్కిన ఆమె అక్క కొడుకు ప్రష్యా వీరాభిమాని కాకపోయి ఉంటే ప్రష్యా రాజు ఫ్రెడెరిక్ కథా పోల్తావాలాగే ముగిసేది. అదృష్టం ఉండదని నేను అనడం లేదు. అదృష్టం కలిసొచ్చాక తినడానికి ఏముందన్నదే ప్రశ్న. ప్రష్యా చేతికి సైలీసియా చిక్కింది, తర్వాత పోలండ్ ముక్కలు, 1815లో రైన్ లోయ. అవన్నీ నేల మీద నడిచిపోగల దూరంలో ఉన్నాయి, చాలావాటిలో తన భాషే మాట్లాడే జనం ఉన్నారు. స్వీడన్ భూములు సముద్రానికి ఆవల, వేరే భాషల మధ్య, చలికాలంలో ఓడలు కదలని దూరంలో ఉన్నాయి. అంతా కలిసొచ్చిన ఆ ప్రష్యానైనా 1947 ఫిబ్రవరిలో గెలిచిన దేశాలు ఒక చట్టంతో రద్దు చేశాయి.

మూడోది హాలండ్. ఆ దేశానికీ జనం తక్కువే. కానీ అప్పు ఇచ్చే చెయ్యి దానిది, పుచ్చుకునే చెయ్యి స్వీడన్‌ది. స్వీడన్ ఇనుప కొలుములు, ఫిరంగుల కర్మాగారాలు నడిపింది ఆమ్‌స్టర్‌డామ్ వర్తకుడు లూయీ దె యేర్. 1644లో స్వీడన్‌కు యుద్ధనౌకలు చాలకపోతే సమకూర్చిందీ ఆయనే. పోలిక ఇక్కడే ఆగిపోతుంది.

దాచిన అంకె

1721లో నీస్టాడ్ సంధి కుదిరింది. ఎస్టోనియా, లివోనియా, ఇంగ్రియా రష్యాకు పోయాయి. ఆ సంధిలో ఒక చిన్న షరతును యుద్ధ వీరుల అభిమానులు ఎప్పుడూ తలచుకోరు. ఏటా యాభై వేల రూబుళ్ల విలువైన ధాన్యాన్ని రీగా, రేవల్ రేవుల నుంచి సుంకం లేకుండా కొనుక్కునే హక్కు కావాలని స్వీడన్ రాయించుకుంది. నిన్నటిదాకా తనవైన ఆ రేవుల దగ్గర ఇప్పుడు తిండిగింజలకు సంచీ పట్టుకుని నిలబడింది. రాజ్యానికి నిజంగా కావలసింది ఏమిటో ఆ షరతులో ఉంది.

తర్వాతి కాలం చార్ల్స్ అభిమానులకు రుచించదు. గద్దె బలహీనపడి పార్లమెంటు పాలన వచ్చింది. లిన్నేయస్ అనే కుర్రాడు 1732లో లాప్లాండ్ అడవుల్లో మొక్కలు ఏరుకున్నాడు. సెల్సియస్ 1742లో ఉష్ణోగ్రత కొలిచే పద్ధతిని ప్రకటించాడు. 1766లో పత్రికా స్వేచ్ఛకు చట్టం చేశారు, ప్రపంచంలో అలాంటిది అదే మొదటిది. ఓడిపోవడం వల్లే ఇవన్నీ వచ్చాయని చెప్పను, అది కూడా నేను ఖండిస్తున్న 'అయివుంటే' లాంటిదే అవుతుంది. అయితే గొప్పరాజ్యంగా ఉన్న వందేళ్లలో ఎవరికీ తట్టని ఒక పని ఆ రోజుల్లోనే జరిగింది. దేశం తన మనుషుల్ని లెక్కపెట్టుకుంది.

1749లో ప్రతి చర్చి పాస్టరుకూ అచ్చు ఫారాలు పంపారు. ఎందరు పుట్టారు, ఎందరు పోయారు, ఏ జబ్బుతో పోయారు, ఏ వయసువాళ్లు ఎందరున్నారు అన్నీ రాయమన్నారు. ఒక దేశం మొత్తాన్ని ఇలా ఏటా లెక్కపెట్టే ఏర్పాటు అప్పటికి మరెక్కడా లేదు. ఫారాలన్నీ స్టాక్‌హోం చేరి కూడికలు పూర్తయ్యాక అధికారులు నివ్వెరపోయారు. ఫిన్లాండ్‌ను పక్కన పెడితే దేశ జనాభా పద్దెనిమిది లక్షలకు లోపే. అనుకున్నదాని కంటే ఎంతో తక్కువ. పొరుగు రాజ్యాలకు తెలిస్తే ప్రమాదమని ఆ అంకెను రాజ్య రహస్యంగా దాచిపెట్టారు.

పోల్తావా గెలిచి ఉంటే అనేవాళ్లు నేటికీ ఆ అంకెను దాస్తూనే ఉన్నారు. అది బయటపెడితే వాళ్ల కథ నడవదు. పైగా అది స్టాక్‌హోం అధికారులకు కొత్తేమో గానీ, ఊళ్లకు కొత్త కాదు. సిపాయిల జాబితా ముగిసే చోట ఇక పదిహేనేళ్ల పిల్లల పేర్లే మిగిలాయని, ఆ పిల్లల తర్వాత రాయడానికి పేర్లే లేవని బిగ్దెయో పాస్టరుకు 1639లోనే తెలుసు.